మధ్యాహ్నం దాటాకే ఫీడరులో కాగితాలు ఆగిపోతున్నాయి, రోలర్లు మార్చినా తగ్గలేదు

అమలాపురం_గుమస్తా
మాది అమలాపురంలో న్యాయవాది కార్యాలయం. దస్తావేజులు, దావా కాగితాలు, పాత తీర్పుల నకళ్ళు జిరాక్స్ తీయడమే నా పనిలో సగం. మా కాపియర్ మూత మీద ఉన్న, కట్టగా పెట్టిన కాగితాలను ఒక్కొక్కటిగా లోపలికి లాగే డాక్యుమెంట్ ఫీడరు కొంతకాలంగా మొరాయిస్తోంది. ఉదయం పెట్టిన కట్టలు ఏ ఇబ్బందీ లేకుండా వెళ్ళిపోతాయి. భోజనాలయ్యాక పెట్టే కట్టల్లో మాత్రం నాలుగైదు కాగితాలు లాగి ఆగిపోయి, మూత తెరిచి కాగితం తీయమని తెర మీద చూపిస్తుంది. తెరిచి చూస్తే కాగితం చిరిగీ ఉండదు, నలిగీ ఉండదు. వార్షిక ఒప్పందం ఉన్న సర్వీసు సంస్థ మనిషి వచ్చి, కాగితాన్ని పైనుంచి లాగే పికప్ రోలరునూ దాని వెనక ఉన్న ఫీడ్ రోలరునూ మార్చి బిల్లు ఇచ్చి వెళ్ళాడు. ఆ సాయంత్రానికే మళ్ళీ మొదటికొచ్చింది. ఇప్పుడు ఫీడరు మొత్తం మార్చాలంటున్నారు. వారు చెప్పే ధరకు ఇంకొంచెం కలిపితే పాత మెషీను ఒకటి కొనుక్కోవచ్చు. అంత ఖర్చుకు ఒప్పుకునే ముందు మనంతట మనం చూసుకోదగినవి ఏమున్నాయో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పాలకొల్లు_జిరాక్స్
తేమ. మన గోదావరి జిల్లాల్లో ఇంతకు మించి కారణం వెతకనక్కరలేదు. కాగితం గాలిలోని తేమను పీల్చుకుని పీచుకు అడ్డంగా ఉబ్బుతుంది, అంచులు పైకి లేస్తాయి, రెండు కాగితాలు అంటుకుని కదులుతాయి. నా షాపులో విప్పిన రీమును మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలోనే ఉంచుతాను, వానాకాలంలో అందులో సిలికా జెల్ సంచులు వేస్తాను.

తణుకు_ఆడిటర్
రోలర్లు మార్చారు సరే, వాటికి కింద ఉండే సెపరేషన్ ప్యాడ్ మార్చారా అన్నది బిల్లులో చూడండి. పై రోలరు కాగితాన్ని ముందుకు లాగుతుంటే, కింద ఉన్న ప్యాడ్ రెండో కాగితాన్ని వెనక్కి ఆపి ఉంచాలి. కొన్ని మెషీన్లలో ప్యాడ్ బదులు చిన్న రోలరు ఉంటుంది, దాని ఇరుసు మీద టార్క్ లిమిటర్ అనే బిళ్ళ ఉంటుంది. ఒకే కాగితం వస్తే ఆ రోలరు దానితో పాటు ముందుకు తిరుగుతుంది, రెండు కలిసి వస్తే రెండోదాన్ని ఆపేస్తుంది. పై రోలరు కొత్తదై కింది ప్యాడ్ పాతదైతే లాగే బలం పెరిగి ఆపే బలం అలాగే ఉండిపోతుంది, అప్పుడు బాగుచేయించిన తర్వాతే బాధ ఎక్కువవుతుంది. మా కార్యాలయంలో రిటర్నుల గడువు దగ్గర పడిన వారంలో సరిగ్గా ఇదే జరిగింది.

రాజమండ్రి_సర్వీసు
నేను ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. కాపియర్‌కు కాగితం కనిపించదు, అది గడియారాన్ని మాత్రమే చూస్తుంది. పికప్ రోలరు తిరగడం మొదలైనప్పటి నుంచి ఇంత సమయంలోగా కాగితం ముందు అంచు మొదటి సెన్సరును తాకాలి, ఇంత సమయంలోగా వెనక అంచు దాన్ని వదలాలి, రెండు కాగితాల మధ్య ఇంత ఖాళీ ఉండాలి అని లెక్క ఉంటుంది. ఆ లెక్కల్లో ఏది తప్పినా మోటారు ఆపేసి కాగితం ఇరుక్కుందని చూపిస్తుంది. అందుకే గుమస్తా గారికి నలగని, చిరగని కాగితం దొరుకుతోంది. నిజంగా ఏదో అడ్డుపడి ఆగిన కాగితం ముడతలు పడి బయటికొస్తుంది. ఇక్కడ అడ్డేమీ లేదు, ఆలస్యమో తొందరపాటో ఉంది.

పాలకొల్లు మిత్రుడు తేమ అన్నారు. గాలిలో తేమ శాతం తెల్లవారుజామున ఎక్కువగా ఉండి ఎండెక్కేకొద్దీ తగ్గుతుంది. తేమే కారణమైతే ఉదయం కట్టలే ఎక్కువ బాధపెట్టాలి. పైగా రీములను డబ్బాలో దాచడం కింది ట్రేలకు పనికొస్తుంది కానీ, ఫీడరులో పెట్టేవి కక్షిదారులు తెచ్చిన కాగితాలు కదా.

గుమస్తా గారు ముందు ఒక పరీక్ష చేయాలి. కొత్త రీములోంచి పది తెల్ల కాగితాలు తీసి, వెనక పెన్సిలుతో వరుస సంఖ్యలు వేసి, ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, ఒకవైపు మాత్రమే స్కాన్ చేసేలా పెట్టి నడపండి. అవి మధ్యాహ్నం కూడా సాఫీగా వెళ్తే తప్పు మీ పాత కాగితాలది. అవి కూడా ఆగితే తప్పు మెషీనుది. ఆగినప్పుడు మూత గబుక్కున తెరిచి లాగేయకుండా, ఏ సంఖ్య కాగితం ఎక్కడ ఆగిందో, దాని ముందు అంచు ఏ రోలరు దగ్గర ఉందో చూసి రాసుకోండి. ఇది చూడకుండా విడిభాగాలు మార్చడం చీకట్లో చేసే పని.

పాలకొల్లు_జిరాక్స్
ఉదయం తేమ ఎక్కువన్న మాట ఒప్పుకుంటాను. కానీ ఏసీ గదిలో ఉదయమంతా చల్లబడిన కాగితాలు, భోజనాల వేళ ఏసీ ఆపి తలుపులు తీస్తే బయటి తేమనంతా పీలుస్తాయి. అప్పుడు మధ్యాహ్నమే బాధ మొదలవుతుంది. గుమస్తా గారి కార్యాలయంలో ఏసీ ఉందా అన్నది తేలాలి.

అమలాపురం_గుమస్తా
ఏసీ మా లాయరు గారి గదిలో మాత్రమే ఉంది. మెషీను హాలులో, కిటికీకి దూరంగా, సీలింగ్ ఫ్యాను కింద ఉంది. బిల్లులో రెండు రోలర్ల పేర్లే ఉన్నాయి, ప్యాడ్ ప్రస్తావన లేదు. రాజమండ్రి వారు చెప్పిన పరీక్ష చేసి రాస్తాను.

ద్రాక్షారామం_మాస్టారు
ఫ్యాను సంగతి తేలిగ్గా తీసుకోకండి. మా పాఠశాలలో మార్కుల జాబితాలు తీసేటప్పుడు ఫీడరు నుంచి బయటికొచ్చిన కాగితం ఫ్యాను గాలికి పైకి లేచి మళ్ళీ లోపలికి తొంగిచూసేది, వెనకాల వచ్చే కాగితం దాన్ని గుద్దుకుని ఆగిపోయేది. టెక్నీషియన్ రావడానికి పట్టిన కాలంలో మా ప్యూను స్టూలెక్కి ఫ్యాను ఆపేశాడు, సమస్య తీరిపోయింది. టెక్నీషియన్ వచ్చి రెగ్యులేటరు చూసి టీ తాగి వెళ్ళాడు.

భీమవరం_ఎగుమతులు
మాది రొయ్యల ఎగుమతి కార్యాలయం. మా అనుభవంలో రెండు విషయాలున్నాయి. మొదటిది, రెండువైపులా స్కాన్ చేసేటప్పుడే ఆగుతోందా అన్నది చూడాలి. ఒకేసారి రెండువైపులా చదివే ఫీడర్లు వేరు, కాగితాన్ని లోపల తిప్పి రెండో వైపు చదివే పాత తరహా ఫీడర్లు వేరు. పాత తరహాలో ఒక్కో కాగితం ముందు వైపు ఒకసారి, వెనక వైపు ఒకసారి, మళ్ళీ పేజీల వరుస సరిచేయడానికి ఇంకొకసారి ఆ మలుపు దాటుతుంది. మధ్యలో మడత ఉన్న కాగితం మొదటిసారి దాటినా మూడోసారి తన్నేస్తుంది. అప్పుడే లేజరు ప్రింటరు నుంచి వచ్చిన వేడి కాగితం కూడా అంతే, వంపు తిరిగి ఉంటుంది కాబట్టి కాసేపు బరువు కింద ఉంచి తర్వాత పెట్టాలి.

రెండోది పురుగులు. వరి ఈనే రోజుల్లో దీపాల చుట్టూ చేరే పచ్చదోమ సంగతి మన ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. రాత్రి షిప్‌మెంటు కాగితాలు తీస్తుంటే స్కానరు వెలుతురుకు వచ్చి ఫీడరులోకి దూరుతాయి. సన్నని అద్దం పట్టీ మీద నలిగితే నకలు మీద గీత, సెన్సరు సందులో చస్తే లేని కాగితం ఉన్నట్టు సందేశం. సాయంత్రం పూట మెషీను మీద గుడ్డ కప్పడం మొదలుపెట్టాక మాకు ఆ బాధ చాలావరకు తగ్గింది.

పంచాయతీ_కంప్యూటర్
లేని కాగితం సందేశం గురించి భీమవరం వారు చెప్పినది అక్షరాలా నిజం. ఫీడరు లోపల కాగితం తాకగానే వంగే నల్లని చిన్న ప్లాస్టిక్ మీటలు ఉంటాయి. మీట తోక ఒక చిన్న గాడిలో కదులుతూ వెలుతురును అడ్డుకోవడమో వదలడమో చేస్తుంది. మీట తిరిగి తన చోటికి రాకపోతే లోపల ఏమీ లేకపోయినా కాగితం ఉందనే మెషీను నమ్ముతుంది. మాకు ధాన్యం కొనుగోళ్ళ సమయంలో, పాసుపుస్తకాల నకళ్ళ కోసం రైతులు వరుసలో నిలబడి ఉండగా ఇది జరిగింది. కారణం బల్లి గుడ్డు. వేలితో మీటను ఒక్కొక్కటిగా నెమ్మదిగా నొక్కి వదలండి, ప్రతిదీ టక్కున వెనక్కి రావాలి. దుమ్ముకు కెమెరా వాళ్ళు వాడే రబ్బరు బుడ్డి మంచిది. నోటితో ఊదకండి, ఉమ్మి తుంపర సెన్సరు మీద పడి ఆరితే పొర కడుతుంది.

మండపేట_రైస్‌మిల్లు
మా మిల్లులో రోలర్లు ఏడాది తిరక్కుండానే జారిపోయేవి. నాసిరకం రోలర్లు వేస్తున్నారని సర్వీసు వారితో గొడవపడ్డాం. చివరికి తేలింది ఏమిటంటే, మేం ఫీడరులో పెడుతున్న కాటా చీటీలు, ట్రక్ షీట్లు కార్బన్ లేకుండానే కింది ప్రతి మీద అచ్చుపడే రకం కాగితం. ఆ కాగితం మీద రసాయనపు పూత ఉంటుంది, అది రోలరు రబ్బరుకు అంటి గాజులా నున్నగా చేస్తుంది. మా మెషీనుతో వచ్చిన పుస్తకంలోనే ఈ కాగితం ఫీడరులో పెట్టకూడదని రాసి ఉంది, దాన్ని మాలో ఎవరూ అప్పటిదాకా తెరవలేదు. ఇప్పుడు అలాంటివన్నీ మూత ఎత్తి అద్దం మీద పెట్టి తీస్తున్నాం. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటు తీసిన కాగితాలకు అంచున చిల్లుల పట్టీ ఉంటే అది కూడా చింపేసి పెట్టాలి.

తణుకు_ఆడిటర్
నున్నబడిన రోలరుకు నేను చేసే చిట్కా ఒకటి ఉంది. సన్నరకం గరుకు కాగితంతో రోలరును ఒక చుట్టు తేలికగా రుద్దితే మళ్ళీ పట్టు వస్తుంది. కొత్త రోలరు కొనే అవసరం చాలాకాలం రాదు.

రాజమండ్రి_సర్వీసు
ఆడిటర్ గారూ, దయచేసి ఈ చిట్కా ఇక్కడ ఎవరూ పాటించకుండా చూద్దాం. గరుకు కాగితంతో రుద్దితే కొద్దిరోజులు పట్టు వస్తుంది, కాదనను. కానీ రోలరు చుట్టుకొలత తగ్గుతుంది, అదీ అన్నిచోట్లా సమానంగా తగ్గదు. చుట్టుకొలత తగ్గిన రోలరు ఒక్కో చుట్టుకు కాగితాన్ని తక్కువ దూరం జరుపుతుంది, నేను మొదట చెప్పిన సమయం లెక్క అక్కడే తప్పుతుంది. ఒక పక్క ఎక్కువ అరిగితే కాగితం ఏటవాలుగా వెళ్తుంది. మరునాడు టెక్నీషియన్ వచ్చేదాకా పని గడవాలంటే చేసుకోండి, దాన్ని మరమ్మతు అనుకోకండి.

శుభ్రం చేయడానికి పీచు రాలని గుడ్డను నీటితో తడిపి గట్టిగా పిండి, రోలరును వేలితో తిప్పుతూ అన్నివైపులా తుడిస్తే చాలు. మొండి జిగురు ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా వాడవచ్చు, పూర్తిగా ఆరాకే మూత వేయాలి. థిన్నరు, పెట్రోలు తగిలితే రబ్బరు ఉబ్బి చెడిపోతుంది. చేతులకు రాసుకునే జెల్ శానిటైజరు కూడా వద్దు, అందులో గ్లిసరిన్ లాంటివి ఉండి రోలరు మీద జారుడు పొర మిగులుస్తాయి.

పాలకొల్లు_జిరాక్స్
ఆల్కహాల్ విషయంలో నాకు అభ్యంతరం ఉంది. ఒకటి రెండుసార్లు ఫరవాలేదు కానీ వారం వారం వాడితే రబ్బరు ఎండి బీటలు వారుతుంది. మా షాపులో నీళ్ళు తప్ప ఏమీ వాడం.

రాజమండ్రి_సర్వీసు
వారం వారం వద్దన్న మాట సరైనదే. కొన్ని కంపెనీల పుస్తకాల్లో నీళ్ళు మాత్రమే అని ఉంటుంది, కొన్నింటిలో ఆల్కహాల్ అని ఉంటుంది. ఎవరి పుస్తకం వారు చూసుకోవాలి.

లంక_గ్రంథాలయం
మీరందరూ మెషీనును కాపాడుకోవడం గురించి మాట్లాడుతున్నారు, కాగితాన్ని కాపాడుకోవడం గురించి ఎవరూ మాట్లాడటం లేదు. కక్షిదారు తెచ్చిన అసలు దస్తావేజును ఫీడరులో పెట్టడమే సరికాదని నా అభిప్రాయం. కోనసీమ ఇళ్ళల్లో ఉన్న పాత పత్రాల్లో ఎన్నో 1986 గోదావరి వరదలోనో 1996 నవంబరు తుపానులోనో తడిసి, ఎండలో ఆరబెట్టినవి. అవి పైకి బాగానే కనిపిస్తాయి, మడత దగ్గర పీచు చచ్చిపోయి ఉంటుంది, రోలరు లాగగానే అక్కడే విడిపోతాయి. టైపు మెషీను కాలం నాటి కార్బన్ ప్రతులు ఆత్రేయపురం పూతరేకుల్లా ఉంటాయి. కాపియర్ ఫీడర్లు సాధారణంగా మరీ పలచని కాగితాన్ని తీసుకోవడానికి తయారైనవి కావు. దారంతో కుట్టిన పత్రాలను విప్పి, చిల్లులున్న అంచు ముందుకు వచ్చేలా పెట్టేవారిని కూడా చూశాను. పారదర్శక ప్లాస్టిక్ కవరులో ఉంచి ఫీడరులో పెట్టవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. కొన్ని ప్రత్యేక స్కానర్లకు అలాంటి కవరు ఉంటుంది, మామూలు కాపియర్ ఫీడరులో అదే మలుపు దగ్గర అడ్డం తిరుగుతుంది. ఇలాంటివన్నీ అద్దం మీద, ఒక్కొక్కటిగా, ఓపికగా తీయవలసినవే.

అమలాపురం_గుమస్తా
గ్రంథాలయం వారి మాట సబబే. పాత దస్తావేజులు మేము అద్దం మీదే తీస్తాం. ఫీడరులో పెట్టేవి దావా ప్రతులు, వాంగ్మూలాలు, రోజువారీ కాగితాలు. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, కోర్టు ఫీజు స్టాంపులు అంటించిన కాగితాలు కూడా తొందరలో ఫీడరులోకి వెళ్తుంటాయి.

పరీక్ష చేశాను. ఉదయం తెల్ల కాగితాలు పదీ ఆగకుండా వెళ్ళాయి. భోజనాలయ్యాక అవే కాగితాలు పెడితే ఆగాయి. ఫ్యాను ఆపి చూశాను, అయినా ఆగాయి. ఒకవైపు స్కాన్ పెట్టినా ఆగాయి. మీటలన్నీ వేలితో నొక్కి చూశాను, టక్కుటక్కున వెనక్కి వస్తున్నాయి. మధ్యాహ్నం వరకూ ఫీడరు వాడకుండా ఉంచి కూడా చూశాను, ఆ రోజు భోజనాల తర్వాత పెట్టిన మొదటి కట్ట బాగానే వెళ్ళింది, ఇంకో రెండు కట్టలు తీశాక మళ్ళీ మొదలుపెట్టింది.

రాజమండ్రి_సర్వీసు
ఆఖరి వాక్యం చాలా విలువైనది. గంటతో సంబంధం లేదు, వాడకంతో సంబంధం ఉంది. అంటే లోపల ఏదో వేడెక్కాకే బాధ మొదలవుతోంది. కాగితం, తేమ, పురుగులు, ఫ్యాను అన్నీ ఇప్పుడు పక్కకు వెళ్ళిపోయాయి.

ఇంకొక్కటి చూసి చెప్పండి. ఆగినప్పుడు మూత తెరిస్తే రెండో కాగితం ఎక్కడ ఉంటుంది? మొదటి కాగితం కిందనే దాని అంచుతో దాదాపు సమానంగా ఉందా, లేక మొదటి కాగితం తోకను తాకుతూ వెనకాలే వచ్చి ఉందా? కింద కలిసి వస్తే ఆడిటర్ గారు చెప్పిన సెపరేషన్ ప్యాడ్ అరిగినట్టు. వెనకాలే వస్తే ప్యాడ్ తన పని తాను చేస్తోంది, పికప్ రోలరే ఆగవలసినప్పుడు ఆగకుండా తర్వాతి కాగితాన్ని ముందే లాగుతోంది.

అమలాపురం_గుమస్తా
వెనకాలే ఉంది. మూడో సంఖ్య కాగితం తోక సెన్సరు మీటను ఇంకా వదలలేదు, నాలుగో సంఖ్య కాగితం దాన్ని ఆనుకుని వచ్చేసింది. రెండింటి మధ్య గోరు పట్టే సందు కూడా లేదు.

రాజమండ్రి_సర్వీసు
అయితే నేను మొదట చూసేది సొలినాయిడ్. పికప్ రోలరుకు మోటారు బలాన్ని అందించడానికీ ఆపడానికీ ఫీడరు వెనక కవరు లోపల చిన్న విద్యుదయస్కాంతం ఉంటుంది. కరెంటు అందగానే ఇనుప రేకును లాగుతుంది, రేకు కొక్కెం పళ్ళ చక్రాన్ని వదులుతుంది, రోలరు ఒక చుట్టు తిరుగుతుంది. కరెంటు ఆగగానే స్ప్రింగు రేకును వెనక్కి లాగి చక్రాన్ని పట్టుకోవాలి. రేకు టపటపమని చప్పుడు చేయకుండా దాని కింద సన్నని స్పాంజి ముక్క అంటిస్తారు. ఆ స్పాంజి పాలీయురెథేన్. అది ఏళ్ళ తరబడి తేమ తగిలి విరిగిపోయి జిగురుగా మారుతుంది. అందుకే మన ప్రాంతంలో, కాకినాడ నుంచి నరసాపురం దాకా, ఈ బాధ నేను తరచుగా చూస్తాను. చల్లగా ఉన్నంతసేపు ఆ జిగురు కాస్త గట్టిగా ఉంటుంది. నడిచే కొద్దీ ఆ విద్యుదయస్కాంతపు తీగచుట్ట వేడెక్కి జిగురు మెత్తబడుతుంది, రేకును ఒక క్షణం ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. ఆ క్షణంలో రోలరు రెండో చుట్టు తిరిగిపోతుంది. పాలకొల్లు మిత్రుడు చెప్పిన తేమకు ఇందులో వాటా ఉందన్నమాట, కాకపోతే కాగితం ద్వారా కాదు.

పరీక్షించడం కష్టం కాదు. మెషీను ప్లగ్గు పీకి, వెనక కవరు మరలు విప్పి, రేకును వేలితో నొక్కి వదలండి. స్ఫుటంగా వెనక్కి రావాలి. అంటుకుని విడిపోతున్నట్టు అనిపిస్తే అదే కారణం. అయితే వార్షిక ఒప్పందం ఉంది కాబట్టి మీరు విప్పకుండా వారి మనిషి చేత విప్పించడమే మంచిది, లేకపోతే తర్వాత ప్రతి తప్పూ మీ మీద వేస్తారు.

తణుకు_ఆడిటర్
క్లచ్ ఎందుకు కాకూడదు? మా మెషీనులో సొలినాయిడ్ కాదు, మోటారు బలాన్ని రోలరుకు కలిపి విడదీసే విద్యుదయస్కాంత క్లచ్చే ఉంది. అది కూడా వేడెక్కితే పట్టు తప్పుతుంది కదా.

రాజమండ్రి_సర్వీసు
కావచ్చు. మెషీనును బట్టి రెండింటిలో ఒకటి ఉంటుంది. క్లచ్ జారితే కాగితం ఆలస్యంగా వస్తుంది, వదలకుండా అంటుకుంటే ముందే వస్తుంది. ఇక్కడ ముందే వస్తోంది. ఏది ఉన్నా వెనక కవరు విప్పితే తెలిసిపోతుంది.

పంచాయతీ_కంప్యూటర్
ఇంత చర్చ జరిగాక లోపల మళ్ళీ బల్లి గుడ్డే దొరికితే ఆ ఘనత నాకే దక్కాలి.

అమలాపురం_గుమస్తా
బల్లి గుడ్డు కాదు. సర్వీసు మనిషిని పిలిపించి, ఫీడరు మార్పు గురించి తర్వాత మాట్లాడదాం, ముందు వెనక కవరు విప్పి సొలినాయిడ్ చూపించమని అడిగాను. అది అవసరం లేదని మొదట అన్నాడు. మీ చర్చ మొత్తం ఫోనులో చూపించాక విప్పాడు. రేకు కింద స్పాంజి లేదు, నల్లని జిగురు మరక మాత్రమే ఉంది. వేలితో నొక్కి వదిలితే అంటుకుని నెమ్మదిగా విడుస్తోంది, పక్కన నిలబడిన నాకే కనిపించింది. ఆల్కహాల్‌తో తుడిచి, ఆరనిచ్చి, గుడ్డ టేపు సన్నని ముక్క అంటించాడు. సెపరేషన్ ప్యాడ్ కూడా అరిగి మధ్యలో గాడి పడి ఉంది, అది ఒప్పందం కింద మార్చాలని గట్టిగా అడిగితే మరుసటి రాకలో తెచ్చి మార్చాడు. ఇంకో విషయం, మలుపు దగ్గర పై కవరు లోపలి వైపు కోర్టు ఫీజు స్టాంపు ముక్క ఒకటి అంటుకుని కనిపించింది. దాని వల్ల ఏమీ ఆగలేదనుకుంటాను, కానీ అది ఏ కక్షిదారు కాగితం నుంచి ఊడిందో ఇప్పుడు వెతుక్కోవాలి.

అప్పటి నుంచి సాయంత్రాలు కూడా కట్టలు సాఫీగా వెళ్తున్నాయి. ఫీడరు మార్పు మాట వారూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

రాజమండ్రి_సర్వీసు
టేపు మందం విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. మందంగా ఉంటే రేకు పూర్తిగా లోపలికి వెళ్ళదు, కొక్కెం చక్రాన్ని సరిగా వదలదు, అప్పుడు కాగితం లాగకుండానే ఆగుతుంది. అలాంటిది కనిపిస్తే టేపును అనుమానించండి. వీలైనప్పుడు సొలినాయిడ్ కొత్తది వేయించుకోవడమే సరైన పని, ఫీడరు ధరతో పోలిస్తే దాని ధర చాలా తక్కువ. రోలర్లు, ప్యాడ్ మార్చారు కాబట్టి సర్వీసు మోడ్‌లో వాటి వాడకం లెక్కింపును సున్నాకు తెచ్చారో లేదో కూడా అడగండి. లేకపోతే కొత్త భాగాలకు కూడా కాలం చెల్లిందని తెర మీద హెచ్చరిక వస్తుంటుంది.

ద్రాక్షారామం_మాస్టారు
ఇదే వరుసలో నాదొక ప్రశ్న. మా మెషీనులో ఫీడరు ద్వారా తీసిన నకళ్ళలో మాత్రమే పైనుంచి కిందికి సన్నని నల్ల గీత వస్తోంది. అద్దం మీద పెట్టి తీస్తే రావడం లేదు. పెద్ద అద్దం రోజూ తుడుస్తూనే ఉన్నాం.

పాలకొల్లు_జిరాక్స్
మాస్టారూ, పెద్ద అద్దం కాదు తుడవవలసినది. దాని ఎడమ పక్కన వేలెడు వెడల్పున విడిగా సన్నని అద్దం పట్టీ ఉంటుంది, ఫీడరు కాగితాన్ని దాని మీదుగా నడిపించి చదువుతుంది. కాగితం కదులుతుంది, మరక కదలదు, అందుకే చుక్కంత మరక కూడా గీతగా సాగుతుంది. మార్కుల జాబితాల్లో వైట్‌నరు వాడి ఉంటారు, అది పూర్తిగా ఆరకముందే పెడితే అక్కడ అంటుకుంటుంది. గోరుతో గాని ప్లాస్టిక్ కార్డు అంచుతో గాని మెల్లగా గీకి, తడిగుడ్డతో తుడవండి. బ్లేడు వాడకండి. దానికి ఎదురుగా మూత వైపు ఉండే తెల్ల పట్టీని కూడా తుడవండి.

ద్రాక్షారామం_మాస్టారు
వైట్‌నరే. గీత పోయింది. ఇక వైట్‌నరు వాడినవారి పేరు నోటీసు బోర్డు మీద రాస్తాను.

అమలాపురం_గుమస్తా
ఇప్పుడు మిగిలిన బాధ ఒకటే. ఏ4 కాగితాలు, లీగల్ సైజు కాగితాలు కలిసిన కట్ట పెడితే కొన్ని ఏటవాలుగా వెళ్తున్నాయి, కొన్నిసార్లు పొడవు కాగితం దగ్గర ఆగుతోంది. వేరుచేసి పెడితే రెండూ బాగానే వెళ్తున్నాయి.

భీమవరం_ఎగుమతులు
అది చెడిపోవడం కాదు. ఏ4 పొడవు 297 మిల్లీమీటర్లు, లీగల్ పొడవు 356. కట్టలో మొదటి కాగితాన్ని బట్టి మెషీను పొడవు అంచనా వేసుకుంటే, తర్వాత వచ్చిన పొడవు కాగితం తోక అనుకున్న సమయానికి సెన్సరును వదలదు. కాపీ సెట్టింగుల్లో వేర్వేరు సైజుల ఒరిజినల్స్ అనే ఎంపిక ఉంటుంది, అది ఆన్ చేయండి. వేగం కొంచెం తగ్గుతుంది. ఏటవాలు సంగతి వేరు. ఏ4 వెడల్పు 210, లీగల్ వెడల్పు 216. ట్రేలో కాగితాన్ని ఇరుపక్కలా పట్టి ఉంచే గైడ్లను లీగల్‌కు తగ్గట్టు పెడితే ఏ4 కాగితానికి కొద్దిగా ఆట దొరుకుతుంది. కట్టను బల్ల మీద తట్టి ఒక అంచుకు సమం చేసి, ఆ అంచునే గైడుకు ఆనించి పెడితే చాలావరకు తగ్గుతుంది. కట్టను ట్రేలో గీసిన గరిష్ఠ గీత దాటి ఎత్తుగా పెట్టకండి.

పాలకొల్లు_జిరాక్స్
కాగితం మందం కూడా చూసుకోండి. 80 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 80 గ్రాములు, అని రాసి పలచటిది అమ్మేవారున్నారు. ఏ4 రీము 500 కాగితాలు 80 జీఎస్ఎం అయితే కట్టు కాగితం కాకుండా దాదాపు 2.5 కిలోలు తూగాలి, 70 జీఎస్ఎం అయితే 2.2 కిలోలకు కొంచెం తక్కువ తూగుతుంది. పక్క కిరాణా కొట్టు కాటా మీద పెడితే నిమిషంలో తేలిపోతుంది. పేపరు మిల్లు రాజమండ్రిలోనే ఉందని మనకు తూకంలో ఎవరూ ఎక్కువేమీ వేయరు.

తణుకు_ఆడిటర్
ఈ చర్చ చదివాక మా మెషీను వెనక కవరు కూడా విప్పించాను. మాది క్లచ్ అనుకున్నాను కానీ ఫీడరుకు సొలినాయిడే ఉంది, స్పాంజి వేలికి అంటుకునే స్థితికి వచ్చింది. ఇంకా ఆగడం మొదలుపెట్టలేదు. రిటర్నుల గడువుకు ముందే కొత్తది తెప్పించమని చెప్పాను.

అమలాపురం_గుమస్తా
వేర్వేరు సైజుల ఎంపిక ఆన్ చేశాక పొడవు కాగితాల దగ్గర ఆగడం పోయింది. ఊడిన స్టాంపు ఏ కాగితానిదో కూడా దొరికింది, లాయరు గారు చూడకముందే అంటించాను.